మెడిసిన్ చదువుతున్నవాళ్ళ మానసిక ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ మెడికల్ విద్యార్థులు, వాళ్ళ స్నేహితులు, తల్లిదండ్రులు మళ్ళీమళ్ళీ అడిగే ప్రశ్నలే. చాలామంది గొంతు తగ్గించి, "నా ఫ్రెండ్‌కి ఇలా ఉందండీ" అంటూ మొదలుపెడతారు. అందుకే జవాబులు వీలైనంత సూటిగా రాస్తున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి. కానీ ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ముందు కిందనే ఉన్న మొదటి జవాబు చదవండి.

చనిపోవాలనిపిస్తోంది. ఇప్పుడు ఏం చెయ్యాలి?

ముందు ఒంటరిగా ఉండకండి. పక్క గది తలుపు తట్టండి, లేదా మీరు నమ్మే ఒక మనిషికి ఫోన్ చెయ్యండి. "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, కాసేపు నా దగ్గర ఉండు" అంటే చాలు. ఎందుకు, ఏమిటి అన్నది తర్వాత చెప్పుకోవచ్చు. మీరున్న చోట పనిచేసే అత్యవసర నంబరుకో, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కో ఫోన్ చెయ్యండి. లేదా ఎవరినైనా వెంటబెట్టుకుని ఎమర్జెన్సీ విభాగానికి వెళ్ళండి. మీరు పోస్టింగ్ చేసే ఆస్పత్రికే వెళ్ళాలంటే మొహమాటంగా ఉంటే ఇంకో ఆస్పత్రికి వెళ్ళండి. హాని చేసుకునే వీలున్న వస్తువులు గదిలో ఉంటే వాటిని స్నేహితుడి చేతికిచ్చేయండి, లేదా మీరే ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి.

ఆ తీవ్రత గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లోనే తగ్గుముఖం పడుతుంది. ఆ సమయం దాటించడానికే పక్కన మనిషి కావాలి. అది తగ్గాక కూడా, తగ్గింది కదా అని వదిలెయ్యకుండా ఒకటి రెండు రోజుల్లోపే సైకియాట్రిస్టును కలవండి. జ్వరం ఎలాగో ఈ ఆలోచన కూడా అలాగే ఒక లక్షణం. దానికి చికిత్స ఉంది.

మెడిసిన్ చదివేవాళ్ళలో నిజంగానే ఒత్తిడి ఎక్కువా? ఏ చదువుకైనా ఉండేదే కదా?

నిజంగానే ఎక్కువ. 2016లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ చాలా దేశాల్లోని మెడికల్ విద్యార్థుల మీద జరిగిన అధ్యయనాలన్నింటినీ ఒకచోట చేర్చింది. డిప్రెషన్, లేదా దాని లక్షణాలు ఉన్నవాళ్ళు 27.2 శాతం. ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నవాళ్ళు 11.1 శాతం. 2019లో ఆందోళన మీద ఇలాంటిదే ఇంకో విశ్లేషణ వచ్చింది, అందులో తేలింది 33.8 శాతం. అంటే క్లాసులో మీ ముందు వరసలో తొమ్మిదిమంది కూర్చుంటే వాళ్ళలో ముగ్గురికి ఈ ఇబ్బంది ఉండొచ్చు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అంకె వేరే ఉంది. అదే 2016 విశ్లేషణలో, డిప్రెషన్ ఉండొచ్చని తేలిన విద్యార్థుల్లో చికిత్స కోసం వెళ్ళినవాళ్ళు 15.7 శాతమే. డిప్రెషన్ లక్షణాలు వరసపెట్టి ఒప్పజెప్పగల పిల్లలు వీళ్ళు. ఆ లక్షణాలు తమలోనే కనిపించినప్పుడు నోరు మూసుకుని ఉండిపోతున్నారు. ఈ పేజీ రాయడానికి ముఖ్య కారణం ఇదే.

ఇంకో సంగతి. అమెరికాలో మెడికల్ కాలేజీల్లో అప్పుడే చేరినవాళ్ళను అదే వయసు డిగ్రీ పట్టభద్రులతో పోల్చి చూశారు, ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. చేరేనాటికి మెడికల్ విద్యార్థుల మానసిక ఆరోగ్యమే మెరుగ్గా ఉంది. కాబట్టి "వీళ్ళు మొదటి నుంచీ సున్నితం" అనే మాట నిలబడదు. లోపలికి వచ్చాక జరుగుతున్నదాన్నే చూడాలి.

లోపల అంతగా ఏం జరుగుతుంది?

సిలబస్ పెద్దది, అది అందరికీ తెలిసిందే. దానికి ఒక ప్రత్యేకత ఉంది. ఎంత చదివినా "అయిపోయింది" అనే చోటు రాదు. లెక్క తెగితే పక్కన పెట్టొచ్చు. ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, ఎప్పటికి తెగుతుంది? అందుకని విశ్రాంతి తీసుకునే ప్రతి గంటా దొంగతనం చేసినట్టు అనిపిస్తుంది. సినిమా చూస్తున్నా మనసులో పుస్తకం తెరిచే ఉంటుంది.

రెండోది, పోలిక. ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్ళూ తమ స్కూల్లో ఫస్టే. ఇప్పుడు వాళ్ళలో సగంమంది క్లాసులో కింది సగంలో ఉండక తప్పదు. ఇది ఉత్త అంకగణితం, కానీ అప్పటిదాకా మార్కులే తన విలువ అనుకుని పెరిగిన పిల్లకు అది తన పతనంలా కనిపిస్తుంది.

తర్వాత వార్డులు మొదలవుతాయి. నిద్ర తగ్గుతుంది, ఇంటికి వెళ్ళడం తగ్గుతుంది. కొన్ని వారాలకోసారి యూనిట్ మారుతుంది. కొత్త సీనియర్లు, కొత్త పద్ధతులు. ఎక్కడ నిలబడాలో, ఎవరిని ఏం అడగొచ్చో తెలిసేసరికి అక్కడ పోస్టింగ్ అయిపోతుంది. ఏ బాధ్యతా పూర్తిగా చేతిలో ఉండదు, కానీ ప్రతి నొప్పీ కళ్ళముందే జరుగుతుంది. కొందరికి వీటి మీద చదువు అప్పు కూడా ఉంటుంది.

ఇక వయసు సంగతి. ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న ఈ కాలంలోనే డిప్రెషన్, బైపోలార్ (దిగులు, విపరీతమైన హుషారు మారిమారి వచ్చే జబ్బు), సైకోసిస్ (భ్రమకూ నిజానికీ తేడా తెలియని స్థితి) లాంటివి మొదటిసారి బయటపడటం ఎక్కువ. మెడికల్ కాలేజీకి రాకపోయినా కొందరికి వచ్చి ఉండేవే. ఇక్కడ మాత్రం వాటన్నింటినీ "పరీక్షల టెన్షన్" కింద జమకట్టేస్తారు, చికిత్స ఆలస్యమవుతుంది.

మామూలు టెన్షన్ ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది?

మామూలు టెన్షన్‌కు ఒక కారణం ఉంటుంది, ఆ కారణం తీరగానే అదీ తగ్గుతుంది. పరీక్ష అయిన సాయంత్రం ఆకలి వేస్తుంది, నవ్వొస్తుంది, ఒళ్ళు తెలియకుండా నిద్ర పడుతుంది. పరీక్షలు అయిపోయి సెలవులు వచ్చినా మనసు తేలికపడకపోతే ఆగి చూసుకోవాలి.

డిప్రెషన్ అని చెప్పడానికి దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ తప్పకుండా ఉండాలి. వాటితో కలిపి నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత, ఆత్మనింద, కదలికల్లో మార్పు, మరణం గురించిన ఆలోచనలు అనే వాటిలోంచి మొత్తం అయిదైనా, రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ కనిపించాలి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక వీటినే అడుగుతుంది. 27కి 10 లేదా ఆపైన వస్తే డాక్టర్ని కలవాలి. తొమ్మిదో ప్రశ్న ప్రాణహాని ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా మొత్తం స్కోరు ఎంతన్నది చూడకుండా వెళ్ళాలి. ఇది స్క్రీనింగ్ మాత్రమే, రోగ నిర్ధారణ డాక్టరే చెయ్యాలి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, రక్తహీనత ఉన్నా ఇలాంటి నీరసమే ఉంటుంది కనుక ఆ పరీక్షలు కూడా చేయిస్తారు.

స్కోరు తక్కువే వచ్చింది, కానీ స్నానం చెయ్యడం, క్లాసుకు వెళ్ళడం, అమ్మ ఫోన్ ఎత్తడం కూడా కష్టమైపోతోందా? అయినా వెళ్ళండి. సాయం అడగడానికి కటాఫ్ మార్కు లేదు.

బర్నౌట్ అంటే డిప్రెషనేనా?

రెండూ కలిసే రావచ్చు, కానీ ఒకటి కాదు. బర్నౌట్‌ను కొలిచే పద్ధతిని క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే పరిశోధకులు 1981లో ప్రచురించారు. అందులో మూడు విషయాలు చూస్తారు: మనసు పూర్తిగా అలిసిపోవడం, ఎదుటి మనిషిని వస్తువులా చూడటం, తాను చేసేది ఎందుకూ పనికిరాదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో దీన్ని జబ్బుల్లో చేర్చలేదు, పనికి సంబంధించిన పరిస్థితిగా నమోదు చేసింది. పని నుంచి దూరంగా ఉంటే బర్నౌట్ కొంత సర్దుకుంటుంది. డిప్రెషన్ మాత్రం మీరు ఎక్కడికి వెళ్తే అక్కడికి వస్తుంది.

రెండో లక్షణం దగ్గర కాస్త ఆగాలి. మొదటి ఏడాదిలో పేషెంటు పేరు పెట్టి మాట్లాడిన విద్యార్థే కొన్నాళ్ళకు "ఆ నాలుగో బెడ్ లివర్" అనడం మొదలుపెడతాడు. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో విద్యార్థులను ఏళ్ళతరబడి గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో సహానుభూతి మూడో ఏడాదిలో, అంటే సరిగ్గా పేషెంట్ల దగ్గరికి వెళ్ళే ఏడాదిలో, బాగా పడిపోయిందని తేలింది. మీలో అది తగ్గుతోందని మీకే అనిపిస్తే మిమ్మల్ని మీరు చెడ్డవాళ్ళ కింద లెక్కగట్టుకోకండి. ఎంత అలిసిపోయారో చూసుకోండి.

నాకిక్కడ ఉండే అర్హత లేదు, ఏదో పొరపాటున సీటు వచ్చింది అనిపిస్తుంది.

పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1978లోనే దీన్ని వర్ణించారు. ఎన్ని విజయాలు ఉన్నా, అదంతా అదృష్టమనీ, ఏదో ఒకరోజు బండారం బయటపడుతుందనీ భయపడుతూ బతకడం. మెడికల్ కాలేజీల్లో ఇది చాలా మామూలు. కారణం కూడా ఊహించడం కష్టం కాదు: మీ అయోమయం మీకు లోపలి నుంచి కనిపిస్తుంది, పక్కవాళ్ళది కనిపించదు. రౌండ్స్‌లో ధైర్యంగా జవాబు చెప్పిన అమ్మాయి రాత్రి ఏడ్చిన సంగతి మీకెలా తెలుస్తుంది? ఒక్కసారి మీ బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురితో ఈ మాట పైకి అని చూడండి. "నీకూనా?" అన్న జవాబు వస్తుంది.

చదివిన ప్రతి జబ్బూ నాకే ఉందనిపిస్తోంది.

న్యూరాలజీ చదివేటప్పుడు తలనొప్పి, కార్డియాలజీ చదివేటప్పుడు గుండెదడ. కొత్త విషయం తెలిసినప్పుడు ఒంటి మీద దృష్టి పెరిగి ఇలా అవుతుంది. సాధారణంగా ఆ పోస్టింగ్‌తోనే పోతుంది. పోకపోతే మీరే పుస్తకం వెతకకుండా ఒక డాక్టరుకు చూపించుకుని, ఆయన మాట మీద ఆగండి.

రోజంతా కూర్చుంటున్నాను, ఏదీ గుర్తుండటం లేదు. నాకు బుర్ర లేదా?

బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్ళే నరాల అల్లిక) బొమ్మ మీద పసుపు, గులాబీ, ఆకుపచ్చ గీతలన్నీ పడి ఉంటాయి. పుస్తకం మూసి ఆ బొమ్మ గీయమంటే చెయ్యి కదలదు. ఇది బుర్ర సమస్య కాకపోవచ్చు, చదివే పద్ధతి సమస్య కావచ్చు. రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు 2006లో చేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని కొందరితో మళ్ళీమళ్ళీ చదివించారు, కొందరితో చూడకుండా గుర్తుచేసుకుని రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకున్నవాళ్ళు బాగా ముందున్నారు. అంటే మళ్ళీమళ్ళీ చదివితే వచ్చేది ఆ కాసేపటి ధీమా మాత్రమే. పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయండి, తప్పులు చూసుకోండి, రెండు మూడు రోజులాగి మళ్ళీ రాయండి. గంటలు తగ్గుతాయి, టెన్షనూ తగ్గుతుంది.

కానీ ఇంతకు ముందు బాగానే చదివేవాళ్ళు ఉన్నట్టుండి ఒక పేరా కూడా పట్టుకోలేకపోతున్నారంటే టైమ్‌టేబుల్ మార్చి లాభం లేదు. ఏకాగ్రత పోవడం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి. అప్పుడు ఇంకా ఎక్కువ గంటలు కూర్చుంటే ఆత్మనింద పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

నిద్ర తగ్గించుకోకుండా సిలబస్ పూర్తి చెయ్యడం సాధ్యమా?

నిద్ర తగ్గించుకుంటే పూర్తి కావడం ఇంకా కష్టం. పగలు చదివినది రాత్రి నిద్రలోనే గట్టిపడుతుంది. 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో చూపించారు. పరీక్ష ముందు రాత్రంతా మేలుకున్నవాళ్ళు ఆ స్థితిలోనే హాల్లోకి వెళ్తున్నారు.

కాఫీ సగం విరగడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగినదానిలో పావు వంతు తెల్లవారుజామున నాలుగింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. రాత్రి డ్యూటీలు ఉన్నప్పుడు మధ్యాహ్నం ఒక గంటన్నర ముందుగా పడుకోవడం, డ్యూటీ దిగాక నిద్రమత్తులో బండి నడపకుండా ఎవరినైనా దింపమని అడగడం అలవాటు చేసుకోండి. ఇక వారాల తరబడి నిద్ర పట్టకపోతే అది డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. దీనికి విరుద్ధంగా, మూడు నాలుగు గంటల నిద్రతోనే విపరీతమైన హుషారు, ఆగని మాటలు, పట్టలేని ఖర్చు కనిపిస్తే అది బైపోలార్‌కు సూచన కావచ్చు, అది ఇంకా తొందరగా చూపించుకోవాల్సిన విషయం.

వైవాలో నోరు పెగలదు, గుండె పగిలిపోతుందేమో అన్నంత దడ.

పానిక్ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే పతాక స్థాయికి చేరి తగ్గుతుంది. ప్రాణం మీదికి రాదు. మొదటిసారి వస్తే మాత్రం గుండె, థైరాయిడ్ ఒకసారి చూపించుకోవడం మంచిది. ఆ క్షణంలో లోపలికి తీసుకునే గాలి కంటే వదిలే గాలి ఎక్కువసేపు ఉండేలా నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, అరికాళ్ళు నేలకు ఆనించి ఆ ఆనడం మీద మనసు పెట్టండి. ఎగ్జామినర్‌తో "ఒక్క నిమిషం సార్" అనడానికి సంకోచించకండి, ఎక్కువమంది ఇస్తారు.

దీనికి అసలు విరుగుడు సాధనే. మీ స్నేహితులను ఎగ్జామినర్లుగా కూర్చోబెట్టి, నిలబడి, పైకి మాట్లాడుతూ జవాబులు చెప్పండి. మనసులో చదివినది నోటికి రావడానికి విడిగా సాధన కావాలి. సీనియర్ ఇచ్చాడని గుండెదడ తగ్గించే ప్రొప్రనలాల్ వేసుకోకండి. ఆస్తమా ఉన్నవాళ్ళకు అది ప్రమాదమని మీకూ తెలుసు. అయినా పరీక్ష రోజు పొద్దున చేతులు మారే మాత్రల్లో అదే ఎక్కువ.

డిసెక్షన్ హాలు తర్వాత నిద్ర పట్టలేదు. వార్డులో మొదటి మరణం చూశాను, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

డిసెక్షన్ టేబుల్ మీద చాలామందిని కదిలించేది ముఖం కంటే చెయ్యి. గోళ్ళు, వేలికి ఉంగరం ఉన్నచోట పడ్డ ముద్ర. ఒక మనిషి జీవితం అక్కడ ఇంకా కనిపిస్తుంది. కడుపులో తిప్పినా, ఏడుపొచ్చినా, ఏమీ అనిపించకపోయినా, మూడూ మామూలే. కొన్ని కాలేజీల్లో దేహదానం చేసినవాళ్ళను తలుచుకుంటూ విద్యార్థులు ఒక సభ జరుపుతారు. మీ దగ్గర లేకపోతే మీరే మొదలుపెట్టొచ్చు, అది మనసుకు ఎంతో మేలు చేస్తుంది.

వార్డులో మరణం ఇంకా కష్టం. పొద్దున మీరు బీపీ చూసిన మనిషి, "బాగా చదువుకోమ్మా" అన్న మనిషి. మధ్యాహ్నానికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి, కొత్త పేషెంటు. రౌండ్స్ పక్క మంచానికి సాగిపోతాయి. ఏమీ జరగనట్టు అందరూ ఉంటే, బాధ పడటమే మీ తప్పేమో అనిపిస్తుంది. తప్పు కాదు. ఆ రోజే, ఆ యూనిట్‌లో కాస్త మెత్తగా మాట్లాడే పీజీనో, నర్సునో, లెక్చరర్‌నో పట్టుకుని "నాకు మనసు బాగాలేదు, ఏం జరిగిందో ఒకసారి చెప్తారా?" అని అడగండి. వైద్యపరంగా ఏమైందో అర్థమైతే "నేను ఇంకేదైనా చెయ్యాల్సిందా" అనే ప్రశ్న చాలా వరకు ఆగుతుంది. ఆ దృశ్యం నెల దాటినా కలల్లోకి వస్తుంటే, ఆ వార్డు వైపు కాలు వెయ్యలేకపోతుంటే కౌన్సెలర్‌ను కలవండి.

అందరి ముందూ తిడతారు. "మేమూ పడ్డాం, నువ్వూ పడు" అంటారు.

తప్పు చూపించడం వేరు, మనిషిని అవమానించడం వేరు. మొదటిది మీకు కావాలి, పేషెంటు ప్రాణం దాని మీద ఉంటుంది. రెండోదానివల్ల ఎవరికీ వైద్యం రాదు. భయపడ్డ విద్యార్థి తెలియనిది అడగడం మానేస్తాడు, తప్పు జరిగితే దాచేస్తాడు. నష్టం చివరికి పేషెంటుకే.

తేదీ, చోటు, అన్న మాట, ఎవరున్నారో ఆ రోజే రాసి పెట్టుకోండి. ఒంటరిగా ఫిర్యాదు చెయ్యడానికి భయమైతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, ఆ యూనిట్‌తో సంబంధం లేని పెద్దమనిషిని ఎంచుకోండి. లైంగిక వేధింపు, శారీరక హింస, కులం, మతం, రంగు పేరుతో దూషణ ఉంటే "పోస్టింగ్ అయిపోనీ" అని ఆగకండి.

మందు తాగితే నిద్ర పడుతోంది. ఏకాగ్రతకు మాత్రలు దొరుకుతున్నాయి. తప్పేముంది?

మద్యం నిద్ర పట్టిస్తుంది గానీ రాత్రి రెండో సగాన్ని చెడగొడుతుంది, మర్నాటి దిగులును పెంచుతుంది. మిథైల్‌ఫెనిడేట్ లాంటివి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) ఉన్నవాళ్ళకు మంచి మందులే. లేనివాళ్ళకు అవి తెలివినివ్వవు, మేలుకునే గంటలను ఇస్తాయి, ఆందోళననూ నిద్రలేమినీ వెంట తెస్తాయి. ఆందోళన తగ్గించే అల్ప్రజోలం లాంటి మాత్రలు కొన్ని వారాల్లోనే అలవాటుగా మారగలవు.

అన్నింటికంటే నాకు భయం, మన వాళ్ళు తమకు తామే రాసుకునే యాంటీడిప్రెసెంట్లంటే. బైపోలార్ ఉన్న సంగతి తెలియకుండా అవి వాడితే మేనియాలోకి, అంటే అదుపులేని హుషారులోకి, నెట్టేయొచ్చు. ఫార్మకాలజీలో ఎంత మంచి మార్కులొచ్చినా మీ మనసును మీరు బయట నిలబడి చూడలేరు.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళినట్టు తెలిస్తే నా కెరీర్ ఏమవుతుంది?

చాలామందిని ఆపేసేది ఈ భయమే. మీరు చెప్పినది గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉన్నప్పుడు, చట్టం తప్పనిసరి చేసిన కొన్ని సందర్భాల్లో మాత్రమే దానికి మినహాయింపు. వెళ్ళగానే మొదటి ప్రశ్నగా "ఇది కాలేజీకి తెలుస్తుందా? ఎవరెవరు చూస్తారు?" అని అడగండి. మీకు మార్కులు వేసే మనిషి మీ డాక్టరు కాకూడదు. మీ కాలేజీ సైకియాట్రీ విభాగంలోనే చూపించుకోవడం ఇబ్బందైతే బయట చూపించుకోండి, ఆన్‌లైన్‌లో సంప్రదించండి.

లైసెన్సు ఇచ్చే సంస్థలు పట్టించుకోవాల్సింది మీరిప్పుడు భద్రంగా పని చెయ్యగలరా అన్నదే. చికిత్స తీసుకుంటూ నిలకడగా ఉన్న డాక్టర్లు ప్రతి దేశంలోనూ పనిచేస్తున్నారు. కొన్నిచోట్ల దరఖాస్తుల్లో పాత చికిత్సల గురించి అడిగే ప్రశ్నలు ఇప్పటికీ ఉన్నాయి, అవి పోవాలని వైద్యులే పోరాడుతున్నారు. మీ దగ్గర నిబంధన ఏమిటో అసలు పత్రంలో చదవండి, కారిడార్‌లో వినిపించే మాటలు నమ్మి చికిత్స మానుకోకండి. నిజంగా కెరీర్‌ను దెబ్బతీసేది చికిత్స లేకుండా ముదిరిన జబ్బు.

డాక్టర్లు చేసే జెనీవా ప్రతిజ్ఞలో 2017లో ఒక వాక్యం చేర్చారు. ఉత్తమ ప్రమాణాలతో సేవ చెయ్యడం కోసం నా ఆరోగ్యాన్ని, క్షేమాన్ని, సామర్థ్యాలను నేను చూసుకుంటాను అని దాని సారాంశం. మీరు సాయం అడిగితే వృత్తి ధర్మాన్ని పాటిస్తున్నట్టే.

మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? మెదడు మొద్దుబారుతుందా?

తేలికపాటి డిప్రెషన్‌కు మందులు లేకుండా కూడా చికిత్స చేస్తారు. ఆలోచనల తీరును సరిదిద్దే సీబీటీ లాంటి టాక్ థెరపీలు బాగా పనిచేస్తాయి. మందులు అవసరమైతే ఎక్కువగా ఎస్ఎస్ఆర్ఐలు అనే రకం యాంటీడిప్రెసెంట్లతో మొదలుపెడతారు. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. వికారం, తలనొప్పి లాంటివి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి, చాలామంది అక్కడే మానేస్తారు. 25 ఏళ్ళ లోపువాళ్ళలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కనుక ఆ రోజుల్లో ఒకరు దగ్గరుండి గమనిస్తుండాలి, డాక్టరుకు వెంటనే చెప్పాలి.

మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు, తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించి, తర్వాత నెమ్మదిగా తగ్గిస్తారు. జీవితాంతం అక్కర్లేదు. మత్తుగా అనిపిస్తే మోతాదో, మందో మార్చమని అడగండి. డిప్రెషన్ తగ్గినవాళ్ళు ఎక్కువమంది చెప్పే మాట, మళ్ళీ చదవగలుగుతున్నాం అనే.

యోగా, ధ్యానం, వ్యాయామం పనికొస్తాయా?

వస్తాయి. వ్యాయామానికి తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్‌లో మంచి ఆధారాలున్నాయి. రోజూ అరగంట వేగంగా నడిచినా చాలు. కానీ 30 గంటల డ్యూటీ చేయించి, ఆపైన ధ్యానం క్లాసుకు హాజరు తప్పనిసరి అంటే అది విద్యార్థి నెత్తిన ఇంకో భారమే.

మా ఫ్రెండ్ మారిపోయాడు. ఎలా అడగాలి?

మెస్‌కు రాడు, గది కంపు కొడుతోంది, మెసేజ్‌లకు జవాబివ్వడు, ఇష్టమైన వస్తువులు పంచేస్తున్నాడు, "నేను లేకపోతే అందరికీ నయం" అంటున్నాడు. ఇవి చూసి ఊరుకోకండి. నలుగురూ లేనప్పుడు వెళ్ళి కూర్చోండి. "రెండు వారాలుగా నువ్వు నువ్వులా లేవురా, ఏమైంది?" అని అడిగి, మీరు మాట్లాడటం ఆపండి. అనుమానం ఉంటే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడగడంవల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అధ్యయనాలు ఈ మాటే చెప్తున్నాయి. చాలాసార్లు అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే ఒట్టు పెట్టకండి. "నీ ప్రాణం విషయంలో ఆ మాట ఇవ్వలేను, కానీ ఎవరికి చెప్పాలో ఇద్దరం కలిసే అనుకుందాం" అనండి. అపాయింట్‌మెంట్ మీరే తీసుకోండి, వెంట వెళ్ళండి. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఆ ఒక్క ఫోన్ కాల్ కొండంత పని. మీ బాధ్యత అక్కడిదాకానే, చికిత్స చెయ్యాల్సింది మీరు కాదు.

తల్లిదండ్రులుగా మేం ఏం చెయ్యాలి?

ఫోన్ చెయ్యగానే మార్కులు అడగకండి. "తిన్నావా, నిద్రపోయావా, ఇవాళ ఎవరితో నవ్వావు?" అని అడగండి. "నువ్వు ఫెయిలైనా మా పిల్లవే, చదువు ఆపేసి వచ్చినా ఈ ఇల్లు నీదే" అనే మాట మీరు మనసులో అనుకుంటే చాలదు, పిల్లలకు వినిపించేలా చెప్పాలి. చాలామంది పిల్లలు ఆ మాట ఎన్నడూ వినలేదు. అమ్మానాన్నల కల పాడుచేస్తున్నానన్న భయంతోనే నోరు విప్పరు.

విప్పినప్పుడు "డాక్టరువి కాబోతూ నీకీ పిచ్చి ఆలోచనలేంటి?" అనకండి. ఆ రోజే, లేదా మర్నాడే బయలుదేరి వెళ్ళండి.

కాలేజీలు ఏం చెయ్యగలవు?

చాలా చెయ్యగలవు, చేసి చూపించాయి కూడా. అమెరికాలోని సెయింట్ లూయీ విశ్వవిద్యాలయం మెడికల్ స్కూల్ మొదటి రెండేళ్ళ గ్రేడ్లను పాస్, ఫెయిల్‌గా మార్చింది. క్లాసు గంటలు 10 శాతం తగ్గించింది. ఇష్టమైన అంశం మీద పనిచెయ్యడానికి సమయం ఇచ్చింది, అధ్యాపకులతో కలిసి చిన్న బృందాలు కట్టింది. 2014లో ప్రచురించిన ఫలితాల్లో మొదటి రెండేళ్ళ విద్యార్థుల్లో డిప్రెషన్, ఆందోళన, ఒత్తిడి అన్నీ తగ్గాయి. చదువు దెబ్బతినలేదు.

ఇందులో ఖరీదైన పరికరం ఏదీ లేదు. విద్యార్థిని గట్టిపరచాలని పోస్టర్లు అంటించే ముందు టైమ్‌టేబుల్‌ను, డ్యూటీ చార్టును, తిట్టే యూనిట్‌ను చూడాలి. కౌన్సెలర్ ఉంటే, విద్యార్థులు ఖాళీగా ఉండే వేళల్లో ఉండాలి. మధ్యాహ్నం క్లాసులు జరిగే సమయంలో తెరిచి ఉండే కౌన్సెలింగ్ గదికి ఎవరు వెళ్తారు?

మెడిసిన్ మానేయాలనిపిస్తోంది.

ఆ నిర్ణయం తీసుకునే హక్కు మీకుంది. డిప్రెషన్ మధ్యలో మాత్రం తీసుకోకండి, అప్పుడు ప్రతి దారీ మూసుకున్నట్టే కనిపిస్తుంది. ముందు చికిత్స తీసుకోండి, కొన్ని నెలలు సెలవు అడగండి. మనసు కుదుటపడ్డాక కూడా వద్దనిపిస్తే అప్పుడు మానండి, దానిలో సిగ్గుపడాల్సింది లేదు. కొందరికి వద్దనిపించేది వైద్యం కాదు, ఒక సబ్జెక్టో, ఒక యూనిట్టో, రాత్రి డ్యూటీయో. పాథాలజీ, రేడియాలజీ, ప్రజారోగ్యం, పరిశోధన లాంటి శాఖల్లో రోజు గడిచే తీరే వేరు. వెళ్ళి ఒక పూట అక్కడ కూర్చుని చూడండి.

ఒక టర్మ్ సెలవు తీసుకున్నాను. జూనియర్లతో కలిసి మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

తిరిగి చేరే ముందే డీన్ ఆఫీసుతో మాట్లాడి హాజరు, పరీక్షలు, పోస్టింగులు ఎలా సర్దుతారో కాగితం మీద తీసుకోండి. మొదటి నెల రాత్రి డ్యూటీలు తగ్గించమని డాక్టరు లెటర్‌తో అడగొచ్చు. "ఎందుకు గ్యాప్?" అంటే "ఆరోగ్యం బాగాలేదు, ఇప్పుడు నయం" అన్న జవాబు చాలు, అంతకు మించి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. క్లాసులు మొదలవగానే బిజీ అయిపోయి ఫాలో-అప్ మానేసేవాళ్ళు ఎక్కువ, అందుకని చేరిన వారంలోనే తర్వాతి రెండు నెలల అపాయింట్‌మెంట్లు తీసేసుకోండి.